కోర్బీనియన్ మేస్త్రి ఇచ్చిన లోపాల నోటీసు

మూస్‌హోఫెన్‌లో ప్రతి ఇంట్లోకీ చట్టం అండతో అడుగుపెట్టగల మనిషి ఒక్కడే ఉండేవాడు. పోలీసుకు వారంటు కావాలి, డాక్టరుకు రోగి కావాలి, ఫాదర్ గారికి చావో పెళ్ళో కావాలి. పొగగొట్టాలు తుడిచే కోర్బీనియన్ ట్రాట్నర్‌కు మాత్రం ఇంటిమీద పొగగొట్టం ఉంటే చాలు. ఏడాదికి నాలుగుసార్లు వచ్చి తలుపు కొడతాడు, తీయకపోవడం నేరం. ముప్ఫై ఏళ్ళపాటు ఊరి వంటిళ్ళన్నీ చూసి, ఎవరింట్లో ఏం మాడిందో తెలిసీ బయట ఒక్క మాట అనని ఆ మహానుభావుడు, చివరికి కోర్టులో నోరు విప్పి ఊరంతటికీ కానివాడయ్యాడు. ఆయన పుస్తకంలోని ఒక్క పేజీ మీద ఒకరి మెడ, ఇంకొకరి పరువు ఆధారపడ్డాయి. మెడ క్యాంపు కమాండెంటుది. పరువు మేస్త్రిది.

మేస్త్రి అనే మేమందరం పిలిచేవాళ్ళం. నల్లకోటు, దానికి రెండు వరసల ఇత్తడి బొత్తాలు. కొత్త సంవత్సరం ఉదయాన ఆ బొత్తాన్ని పట్టుకుని తిప్పితే ఏడాదంతా అదృష్టమని మా నమ్మకం. జనవరి ఒకటిన మేస్త్రి వీధి వెంట నడిచి వస్తుంటే, నాస్తికుడైన మందుల షాపాయన కూడా ఏదో పనున్నట్టు గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు. రెండో తారీకున మేస్త్రి భార్య వాల్‌బుర్గా కిటికీ దగ్గర కూర్చుని వదులైన బొత్తాలన్నీ తిరిగి కుట్టేది. మా ఊరి అదృష్టానికి అంత దారం ఖర్చయ్యేది.

మేస్త్రి పని పద్ధతి పూజావిధానంలా ఉండేది. పైనుంచి తాడుకు కట్టిన ఇనప గుండు వదలడం, కుంచెతో దులపడం, కింద చిన్న ఇనప తలుపు తెరిచి అద్దం పెట్టి లోపలికి చూడడం. తరవాత పుస్తకం. ఒక్కొక్క పొగగొట్టానికి ఐదు గడులు: ఇంటి నంబరు, ఎత్తు, ఏం కాలుస్తారు, ఏం కనిపించింది, ఏం చెయ్యాలి. లోపం కనిపిస్తే రెండు ప్రతుల నోటీసు. దానిమీద ఇంటి యజమాని స్వయంగా, సిరాతో, తేదీ వేసి సంతకం పెట్టాలి. పెన్సిలు పనికిరాదు, రబ్బరు స్టాంపు పనికిరాదు, గుమస్తా అసలే పనికిరాడు. ఈ విషయంలో మేస్త్రి బంధుత్వాలు చూడలేదు. అత్తగారు జ్వరంతో మంచంలో ఉంటే, దిండు ఎత్తి కూర్చోబెట్టి మరీ ఆవిడ చేత సంతకం పెట్టించాడు. ఆ జ్వరంలో కూడా ఆవిడ తన అల్లుడి గురించి చాలా స్పష్టంగా మాట్లాడిందని చెప్పుకునేవాళ్ళం.

1938లో ఊరికి రెండు కిలోమీటర్ల అవతల, పాత ఇటుకబట్టీ ఉన్న బురదనేలలో ఖైదీల క్యాంపు వెలిసింది. బేకరీకి రొట్టెల ఆర్డర్లు వచ్చాయి. బీరు హోటలు జేవర్ ఇంకో గది కట్టించాడు. మా ఊళ్ళో నల్లబట్టలు వేసుకునే హక్కు అప్పటిదాకా ఫాదర్‌కూ మేస్త్రికీ మాత్రమే ఉండేది. ఇప్పుడు క్యాంపు కాపలాకు వచ్చిన నల్ల యూనిఫాంల కుర్రాళ్ళు బజారులో ఐస్‌క్రీం తింటూ కనిపించసాగారు. లోపల ఏం జరుగుతోందో అడిగేవాడు ఆ ఏడే లోపలికి వెళ్ళి చూసే అవకాశం ఉండడంతో, మాలో సహజంగా ఉన్న మర్యాద ఇంకా పెరిగింది.

ఎగ్బెర్ట్ రోడెవాల్ట్ మాకు కమాండెంటుగా 1941లో వచ్చాడు. ఉత్తరాది మనిషి. పింగాణీ కప్పులమ్మే కంపెనీకి ఊరూరా తిరిగే ఏజెంటుగా మొదలుపెట్టి, అందులో రాణించక పార్టీలో చేరాడు. ఒక క్యాంపులో కాపలా, ఇంకో క్యాంపులో ఖైదీల హాజరు తీసే అధికారి, మూడో క్యాంపులో డిప్యూటీ. కప్పులు మోసిన పదేళ్ళలో ఒక్కటీ పగలగొట్టలేదట. ఆ జాగ్రత్త ఆయనకు చివరిదాకా పోలేదు. ఎవరిమీదా చెయ్యెత్తినట్టు మేమెవ్వరం చూడలేదు. పనంతా కాగితం మీదే జరిపేవాడు.

ఆయన బంగళాలో గదిని వెచ్చబరిచే పింగాణీ పలకల పొయ్యి తుడవడానికి మేస్త్రి వెళ్ళేవాడు. కమాండెంటు భార్య కాఫీ, ఆల్‌బుఖారా కేకు పెట్టేది. 1942 జనవరి ఒకటిన రోడెవాల్ట్ స్వయంగా గుమ్మంలోకి వచ్చి బొత్తాం పట్టుకున్నాడు.

"ఏం మేస్త్రీ, నిజంగా కలిసొస్తుందా దీంతో?"

"కలిసొచ్చినవాళ్ళు మళ్ళీ వస్తున్నారండీ. రానివాళ్ళ సంగతి నాకు తెలీదు."

కమాండెంటు పకపకా నవ్వి ఇంకో బొత్తాం కూడా తిప్పాడు.

ఆ వసంతంలో క్యాంపు గోడ వెనకనుంచి చదరపు ఇటుక పొగగొట్టం ఒకటి లేచింది. బీరు హోటల్లో రోజూ కూర్చునే మా బల్ల దగ్గర అదే మాట.

"కొత్తది చూశావా మేస్త్రీ?" అన్నాడు జేవర్, నురగ తుడుస్తూ.

"చూశా. పద్నాలుగు మీటర్లుంటుంది. నా పుస్తకంలో లేదు."

"లేకపోతే బతికిపోయావు. అది ప్రభుత్వం పొగగొట్టమయ్యా."

"ప్రభుత్వం ఎక్కడుంటుందో నాకు తెలీదు జేవర్. పొగగొట్టం మాత్రం నా ఇలాకాలో ఉంది."

"వెళ్ళు వెళ్ళు. లోపలికెళ్ళడం తేలికే."

అందరం నవ్వాం. మేస్త్రి నవ్వలేదు. తన ఇలాకాలో పుస్తకానికెక్కని పొగగొట్టం ఉండడం చట్టవిరుద్ధమని కమాండెంటుకు ఉత్తరం రాశాడు. పద్ధతిగల మనిషి ఇంకో పద్ధతిగల మనిషిని గుర్తుపడతాడేమో, వారం తిరక్కుండా అనుమతి వచ్చింది.

తరవాత లోపల ఏం జరిగిందో మాకు కోర్టులో తెలిసింది. అక్కడ కొలిమి దగ్గర చారలబట్టల ఖైదీ ఒకడు పనిచేస్తున్నాడు. పేరు ఓతకర్, చెక్ దేశస్థుడు, ఒకప్పుడు రైలింజన్లో బొగ్గు వేసేవాడు. మేస్త్రి మామూలుగానే ఇనప తలుపు తీశాడు, చిటికెడు మసి తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపాడు. బీచ్ చెట్టు కట్టె మసి పిండిలా పొడిగా ఉంటుంది. దేవదారుది బంకలా అంటుకుంటుంది. బొగ్గుది గరగరలాడుతుంది. ముందే బట్టీలో కాల్చి పొగ తీసేసిన బొగ్గు, అదే కోక్, కాలిస్తే మసి దాదాపు ఉండదు. పని నేర్చుకునేవాళ్ళకు మొదటి వారంలోనే చెప్పే సంగతి. మేస్త్రి నలిపిన మసి జిడ్డుగా ఉంది. మళ్ళీ నలిపాడు. అక్కడే నిలబడిపోయాడు.

"ఏ కట్టె అంటావు మేస్త్రీ?" అని అడిగాడు ఓతకర్.

మేస్త్రి పుస్తకం తీసి మూడో గడిలో, ఏం కాలుస్తారన్నచోట, 'కోక్' అని రాశాడు. చెయ్యి కోటుకు తుడుచుకున్నాడు. మూడు నెలల తరవాత మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ 'కోక్' అని రాశాడు.

ఆ మసి ఎక్కడికీ పోలేదు. మా కిటికీల మీద పడింది. గాలి అటునుంచి వీచిన రోజు ఎక్కువ. మా ఆవిడ దాన్ని తుడవడానికి ఒక తడిగుడ్డ వేరుగా ఉంచింది. వేరే గుడ్డ ఎందుకని నేనడగలేదు. ఆవిడా చెప్పలేదు. వీధిలో ప్రతి ఇంట్లోనూ అలాంటి గుడ్డ ఒకటి ఉండేదని తరవాత తెలిసింది. అప్పట్లో మేం వాతావరణం గురించి చాలా మాట్లాడుకునేవాళ్ళం. గాలి ఎటుందన్నది మాత్రం ఎవరూ అనేవారు కాదు.

1944 నవంబరు తొమ్మిదిన, ఎప్పటిలా తనిఖీకి వెళ్ళిన మేస్త్రికి పొగగొట్టంలో మూడు చోట్ల బీటలు కనిపించాయి. ఇనప పట్టీ సడలింది. తెరిపి లేకుండా కాలిస్తే ఇటుక అలాగే విచ్చుతుంది. మేస్త్రి నోటీసు రాశాడు: 'పగలూ రాత్రీ ఆపకుండా మండించడంవల్ల బీటలు. నిప్పు ప్రమాదం. మూడు రోజులు పూర్తిగా చల్లార్చి, మరమ్మతు చేయవలెను.' దాన్ని తీసుకుని ఆఫీసుకు వెళ్ళాడు. డిప్యూటీ స్టాంపు తీశాడు.

"స్టాంపు చెల్లదండీ. యజమాని సంతకం కావాలి."

"యజమానేమిటయ్యా! ఇదేమన్నా కోళ్ళఫారమా?"

"ఎవరి ఆజ్ఞతో మంట పెడతారో ఆయనే యజమాని. రూలు ఆరు."

లోపలిగదిలోంచి రోడెవాల్ట్ వచ్చాడు. నోటీసు చదివాడు. బీటల సంగతి చెప్పడానికని పిలిపించిన ఓతకర్ గోడవారగా నిలబడి ఉన్నాడు. సిరాబుడ్డి పట్టుకోమని సైగ చేశారు.

"మూడు రోజులు సెలవా? మా మనుషులకే లేదు మేస్త్రీ, నీ పొగగొట్టానికి కావాలా?"

"ఇటుక ఒప్పుకోదండీ."

"నా చేత సంతకం పెట్టించి నాకే హుకుం ఇచ్చినవాడివి, ఈ ఐదేళ్ళ యుద్ధంలో నువ్వొక్కడివే," అంటూ కమాండెంటు పూర్తి పేరు, హోదా, తేదీ వేసి సంతకం పెట్టాడు. అందమైన దస్తూరి. కప్పుల ఆర్డర్లు రాసిన చెయ్యి.

మూడు రోజులు పొగ లేదు. నవంబరులో అరుదుగా కాసే ఎండ కాసింది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ దుప్పట్లు ఉతికి పెరట్లో ఆరేశారు. బేకరీ ఆవిడ వీధిలో మేస్త్రిని ఆపి, "నీ పుణ్యమా అని తెల్లగా ఆరాయి మేస్త్రీ, చల్లగా ఉండు," అంది. మేస్త్రి టోపీ ముట్టుకుని వెళ్ళిపోయాడు. నాలుగో రోజు దుప్పట్లు లోపలికి తీసేశాం.

1945 ఏప్రిల్ చివర క్యాంపునుంచి వేరే రకం పొగ రెండు రోజులు వచ్చింది. తేలికైన బూడిద, గాల్లో ఎగురుతూ, చివర్లో అక్షరాలు కనిపించేంత పెద్ద ముక్కలు. "కాగితం," అన్నాడు మేస్త్రి, ఎవరూ అడగకుండానే. ఆ మూడేళ్ళలో ఏం కాలుతోందో ఆయన పైకి చెప్పింది అదొక్కసారే. మూడో రోజు అమెరికన్లు వచ్చారు. మమ్మల్నందరినీ ఆదివారం బట్టల్లోనే వరసగా నడిపించి క్యాంపు చూపించారు. చూశాం. మాకేం తెలీదన్నాం. మేయరన్నాడు, జేవరన్నాడు, బడిపంతుల్ని నేనూ అన్నాను. అంత ఏకాభిప్రాయం మా ఊళ్ళో అంతకుముందు బ్యాండుమేళం యూనిఫాం రంగు విషయంలో కూడా రాలేదు.

మరుసటి శీతాకాలం జిల్లా పట్నంలోని డ్యాన్సుహాలులో, అమెరికన్ల కోర్టు ముందు, రోడెవాల్ట్ విచారణ మొదలైంది. గోధుమరంగు ఊలుకోటు వేసుకుని, పెన్సిలు చెక్కుకుంటూ, కప్పుల ఏజెంటులాగే కూర్చున్నాడు. ఆయన వాదన సులువైనది. 1944 సెప్టెంబరులో గుండెజబ్బుతో సరస్సు ఒడ్డున విశ్రాంతిగృహంలో చేరాడు. అప్పటినుంచి క్యాంపు నడిపింది డిప్యూటీ. రైళ్ళకురైళ్ళు మనుషులు వచ్చి బయటికి రానిది ఆ తరవాతే. డిప్యూటీ చచ్చిపోయాడు. డాక్టరు చీటీ ఉంది. కాగితాలు కాలిపోయాయి.

ఓతకర్ సాక్ష్యం చెప్పాడు: శీతాకాలమంతా కమాండెంటు అక్కడే ఉన్నాడని. డిఫెన్సు లాయరు ఫోగెల్‌సాంగ్ సానుభూతిగా తల పంకించాడు.

"ఆకలి, భయం, దూరం. అందరికీ ఒకే టోపీ, ఒకే కోటు. మీరు పొరబడి ఉండొచ్చు గదా?"

ఓతకర్ ఏదో అనబోయి, ప్రేక్షకుల్లో మేస్త్రిని చూసి ఆగిపోయాడు. విరామంలో వరండాలో ఆయన దగ్గరికి వచ్చాడు. నేను పక్కనే ఉన్నాను.

"గుర్తుపట్టావా మేస్త్రీ? సిరాబుడ్డి నేనే పట్టుకున్నా."

"గుర్తుపట్టాను."

"నీ ప్రతి ఉందా?"

మేస్త్రి కోటు బొత్తాలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

"నేను ఎవరికీ చెప్పను. చెప్పి నిన్ను లాక్కొస్తే ఎలకలు తిన్నాయంటావు. వస్తే నీ అంతట నువ్వే రావాలి," అని ఓతకర్ వెళ్ళిపోయాడు.

వరండాలకు గోడలున్నట్టే చెవులూ ఉంటాయి కాబోలు, సాయంత్రానికల్లా బల్ల దగ్గర అందరికీ తెలిసింది. నాకూ నోరుంది కాబట్టి ఎలా తెలిసిందో ఎక్కువ వెతకనక్కర్లేదు.

"మీ అటకమీద ఎలకలెక్కువటగా మేస్త్రీ?" అన్నాడు జేవర్.

"లేవు."

"పట్టిస్తానయ్యా నాలుగు!"

మేయరు నవ్వలేదు. "చూడు కోర్బీనియన్. ఆయన పోతే పోతాడు, మాకేం చుట్టం కాదు. కానీ పుస్తకం తెరిస్తే నిన్నూ అడుగుతారు. నీకు తెలుసంటే మాకూ తెలుసన్నట్టేగా. ఊరి సంగతి ఆలోచించు. ఇలాకా లైసెన్సు కూడా మార్చిలో తిరగరాయాలి గదా."

మర్నాడు ఉదయం నేను వాళ్ళింటికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో చెప్పుకోవడం కష్టం. మేయరు పంపితే వెళ్ళాను. వంటింట్లో బల్లమీద పుస్తకం ఉంది. వాల్‌బుర్గా బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. నన్ను కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

"ఆ పేజీ చూపిస్తే మూడో గడి కూడా చూస్తారు బుర్గా," అంటున్నాడు మేస్త్రి.

"చూస్తారు."

"కోక్ అని రాశాను."

"ఏం రాశావో నాకు తెలీదు. ఏం రాయలేదో తెలుసు. ఆ కోటు మూడేళ్ళు ఉతికింది ఎవరు? మూడు నీళ్ళు మార్చినా వదిలేది కాదు ఆ జిడ్డు."

మేస్త్రి ఆవిడ చేతుల వంక చూశాడు.

"మరి అప్పుడెందుకు అడగలేదు?"

"అడిగితే చెప్పేవాడివి," అంది వాల్‌బుర్గా. ఇంకో దుంప తీసుకుంది. నా వైపు తిరక్కుండానే, "అయ్యవారూ, మేయరుగారికి చెప్పండి. మా అటకమీద ఎలకలు లేవు," అంది.

మేస్త్రి నల్లకోటు వేసుకునే కోర్టుకు వచ్చాడు. నోటీసు న్యాయమూర్తుల చేతికి వెళ్ళింది. కమాండెంటు రాసిన పాత ఉత్తరాల పక్కన పెట్టి పోల్చారు. అదే దస్తూరి. తేదీ 1944 నవంబరు 9, విశ్రాంతిగృహంలో ఉన్నానని ఆయన చెప్పుకున్న రోజుల్లోది. రోడెవాల్ట్ పెన్సిలు చెక్కడం ఆపాడు. తప్పు ఎక్కడ జరిగిందో ఆయనకు ఆ క్షణాన అర్థమై ఉండాలి. పద్ధతి ప్రకారం జరిగింది.

ఫోగెల్‌సాంగ్ లేచాడు. చాలా మర్యాదగల మనిషి.

"మేస్త్రిగారూ, మీ పుస్తకంలో రాసిందంతా నిజమేనా?"

హాలులో ఉన్నవాళ్ళందరికీ ఉచ్చు కనిపించింది. నిజమంటే ఆ పొగగొట్టంలో కాలింది కోక్, కమాండెంటుది మామూలు బాయిలరు. అబద్ధమంటే ఒక గడి అబద్ధమైన పుస్తకంలో సంతకం మాత్రం నిజమని ఎవరు నమ్ముతారు?

మేస్త్రి టోపీని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మూడో గడి అబద్ధం. ఆ పొగగొట్టం కింద పదకొండుసార్లు రాశాను, పదకొండూ అబద్ధం. ఆ గడి నేను నింపింది. సంతకం ఆయన చేసింది."

"అబద్ధమని మీకెలా తెలుసు?"

"ముప్ఫై ఏళ్ళుగా మసి నలుపుతున్నానండీ."

"అంటే మొదటిరోజే తెలుసన్నమాట."

"తెలుసు."

"తెలిసి మీరేం చేశారు?"

అనువాదకుడు ఆ ప్రశ్నను ఇంగ్లీషులో చెప్పడం ముగించేదాకా మేస్త్రి ఆగాడు.

"లోపాల నోటీసు ఇచ్చాను," అన్నాడు.

ఎవరో నవ్వబోయారు. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. మేస్త్రి ఇంకా నిలబడే ఉన్నాడు, చెప్పాల్సింది మిగిలినట్టు.

"బీటలున్నాయని ఇచ్చాను," అన్నాడు మళ్ళీ, మెల్లిగా. "ఆ మూడు రోజులు ఊళ్ళో దుప్పట్లు ఆరేశారు. నాకు దీవెనలు పెట్టారు. వాళ్ళూ చూస్తూనే ఉన్నారండీ, కిటికీలు తుడుస్తూ."

ఓతకర్‌ను మళ్ళీ పిలిచి ఆ మూడు రోజుల సంగతి అడిగారు. పొగగొట్టం ఆగింది గానీ పని ఆగలేదన్నాడు. శవాల్ని గోడవారగా పేర్చారు. నాలుగో రోజునుంచి రెట్టింపు. అంతకుమించి ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

రోడెవాల్ట్‌కు ఉరి పడింది. వసంతంలో అమలు చేశారు. తీర్పులో నోటీసు గురించి నాలుగు వాక్యాలున్నాయి, మేస్త్రి గురించి ఒక్కటీ లేదు. ఓతకర్ ప్రాగ్ రైలెక్కే ముందు స్టేషన్లో మేస్త్రి ఎదురుపడితే చెయ్యి కలపలేదట. "ఆలస్యంగానైనా వచ్చావు," అని మాత్రం అన్నాడట. మెచ్చుకోలో తిట్టో మేస్త్రికి తెలియలేదు, నాకూ తెలియలేదు.

లైసెన్సు పోలేదు, ఎందుకంటే ఆ చుట్టుపక్కల ఇంకో మేస్త్రి దొరకలేదు. చట్టప్రకారం తలుపులు తెరుచుకుంటూనే వచ్చాయి. జనం ఆయన్ని నేరుగా పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళి, పనయ్యేదాకా వేరే గదిలో ఉండేవాళ్ళు. కాఫీ లేదు. బీరు హోటల్లో మా బల్ల దగ్గర ఆయన కుర్చీని ఎవరో కోటు తగిలించుకోవడానికి వాడడం మొదలుపెట్టారు. ఆ కోటు నాది.

తరవాతి జనవరి ఒకటిన మేస్త్రి ఎప్పటిలాగే బొత్తాలు తళతళలాడేలా తోముకుని వీధి ఆ చివరనుంచి బయల్దేరాడు. మంచు పడుతోంది. బేకరీ తలుపు మూసుంది. మందుల షాపాయనకు గుమ్మంలో ఏ పనీ లేదు. మా ఇంటి ముందుకొచ్చేసరికి నేను బయటే ఉన్నాను, మంచు ఊడుస్తూ. ఆయన ఆగాడు. అడగలేదు, ఆగాడంతే. నేను టోపీ తీసి, "నూతన సంవత్సర శుభాకాంక్షలు మేస్త్రీ," అన్నాను. చీపురు మాత్రం రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకున్నాను.

మర్నాడు వాళ్ళ కిటికీ ముందునుంచి వెళ్తూ చూశాను. వాల్‌బుర్గా ఒళ్ళో కోటు ఉంది. ఒక్కొక్క బొత్తాన్నీ పట్టుకుని లాగి చూస్తోంది. ఒక్కటీ వదులు కాలేదు. అయినా సూదిలోకి దారం ఎక్కించి కూర్చుంది.